మడ్గార్డు అంచు మడచుట, రంగు కాపాడుట

మోటారుబండి చక్రముపైన అర్ధచంద్రాకారముగా వంగియున్న రేకును చూడనివారు లేరు. దానిని అమెరికావారు ఫెండరు అందురు. ఇంగ్లండువారు రెక్క అందురు. మన షెడ్లలోని పనివారు మడ్గార్డు అందురు. ఆ రేకు అంచును వ్రేలితో తడవి చూచినచో, అది కంటికి కనబడుచోటనే ఆగిపోలేదనియు, లోపలికి తిరిగి ఇంచుమించు అరంగుళము వెడల్పున చక్రమువైపు చొచ్చియున్నదనియు తెలియును. ఈ ప్రసంగమంతయు ఆ అరంగుళపు పట్టీని గురించినదే.

ఈ పట్టీ ఊరక పెట్టినది కాదు. ఇంటిలోని ఇనుప బకెట్టును తీసికొని చూడుడు. దాని మూతి చుట్టును రేకు ఒక తీగమీదుగా చుట్టబడి గుండ్రముగా నుండును. ఆ చుట్టు లేనిచో నీరు నింపి ఎత్తినంతనే మూతి సొట్టపోవును. అంచు చేతిని కోయును. మడ్గార్డు విషయమును అంతియే. బండి పైరేకు మందము సాధారణముగా 0.7 మి.మీ. ప్రాంతమున నుండును. అంత పలుచని రేకును చక్రము చుట్టు కోసి విడిచినచో గాలికి తపతపలాడును. అంచును లోపలికి 90 డిగ్రీలు వంచినచో ఆ వంపే దానికి వెన్నెముక యగును. పలు బండ్లలో చక్రపు గూటిలోని ప్లాస్టిక్ తొడుగును పట్టియుంచు మరలు కూడ ఈ పట్టీకే బిగింపబడియుండును.

అట్టి దానిని కదిలింప నేల యని మీరడుగవచ్చును. కర్మాగారమునుండి వచ్చిన చక్రములున్నంతకాలము అది యెవరికిని అడ్డురాదు. యజమాని వెడల్పయిన టైర్లు వేయించినప్పుడు గాని, స్ప్రింగులు మార్చి బండి ఎత్తు తగ్గించినప్పుడు గాని చిక్కు మొదలగును. 7 అంగుళముల రిమ్మును తీసివేసి 8 అంగుళముల రిమ్మును వేసినచో, ఆఫ్‌సెట్టు అను మధ్యకొలత మారకున్నను, చక్రము వెలుపలికి అరంగుళము, అనగా 12.7 మి.మీ., జరుగును, లోపలికిని అంతే జరుగును. ఖాళీబండి చదునైన రోడ్డుపై పోవునప్పుడు ఏమియు తెలియదు. వెనుకసీటున ముగ్గురు కూర్చుండి, డిక్కీలో రెండు బియ్యపు బస్తాలు వేసికొని స్పీడుబ్రేకరు దాటునప్పుడు, స్ప్రింగు నొక్కుకొని చక్రము గూటిలోనికి లేచును. అప్పుడు టైరు భుజము పట్టీకి తగులును. పట్టీ చివర కత్తివంటి రేకు. అది తగిలినప్పుడెల్ల రబ్బరును గీరుచునే యుండును. గీరినచోట లోపలి దారములు బయటపడినచో, ఆ టైరు వేగముమీద నుండగా ప్రేలుటకు సిద్ధముగా నున్నదని యెరుంగవలెను. కావున ఇది సొగసుకాండ్ర వేడుకగా తోచినను, బండిలో కూర్చున్నవారి ప్రాణములతో ముడిపడిన పని.

పని మొదలుపెట్టుటకు ముందు, అది నిజముగా అవసరమా యని తేల్చుకొనవలెను. టైరు భుజమునకు చుట్టును సుద్ద రాచి, బండిలో మామూలుగా నెక్కు మనుష్యులనే యెక్కించి, గతుకులున్న దారిని మెల్లగా నడిపి చూడుడు. ముందు చక్రముల విషయమున స్టీరింగును రెండు ప్రక్కలకును పూర్తిగా త్రిప్పియు చూడవలెను. సుద్ద చెరిగినచోట టైరు దేనికో తగులుచున్నది. ఆ తగులునది పట్టీయేనా, లేక లోపలి ప్లాస్టిక్ తొడుగా, స్ప్రింగు ప్రక్కభాగమా యని దీపము పెట్టి చూడుడు. పట్టీ గానిచో దానిని మడచి ప్రయోజనము లేదు. పట్టీయే అయినను, తగిన ఆఫ్‌సెట్టు గల రిమ్మును ఎన్నుకొని చక్రమును లోపలికి 10 మి.మీ. జరుపుకొన వీలుండి, లోపల అంత చోటున్నచో, అదియే మేలని నా అభిప్రాయము. రిమ్మును మరల మార్చుకొనవచ్చును. ఒకసారి మడచిన రేకు తిరిగి యథాస్థితికి రాదు.

చట్టము మాట కూడ ఇచ్చటనే చెప్పవలెను. మన దేశపు 1988 నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను, రిజిస్ట్రేషను పత్రములోని వివరములు తయారుచేసినవారు నిర్ణయించిన వివరములకు భిన్నమగునట్లు బండిని మార్చుటను నిషేధించుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడ ఈ సెక్షనును గట్టిగానే సమర్థించినది. పట్టీ మడచుట స్వల్పవిషయమే కావచ్చును గాని, దానిని మడువ నవసరమైన పెద్ద టైర్లును, తగ్గించిన ఎత్తును స్వల్పములు కాకపోవచ్చును. డబ్బు వెచ్చించుటకు ముందే రవాణాశాఖ కార్యాలయములో విచారించుకొనుట మంచిది.

ఇక మడచుట యనగా నేమి? లోపలికి చొచ్చిన పట్టీని పైకి త్రిప్పి, మడ్గార్డు లోపలి ముఖమునకు ఆనించుటయే. ఇట్లు చేయుటవలన టైరునకు దొరకు చోటు ఆ పట్టీ వెడల్పుకు మించదు. అంతకంటె ఎక్కువ కావలెనన్నచో మడ్గార్డునే వెలుపలికి లాగవలెను. అది వేరుపని, ఇంటిలో చేయదగినది కాదు. జపానులో ఈ మడతకు త్సుమె ఓరి యని పేరు. గోరు మడచుట యని దాని యర్థము. పేరు చక్కగా కుదిరినది. గోరు వలెనే అది రేకు చివర మొలిచి, తాకినదానినెల్ల గీరును.

అమెరికాలో కొందరు యువకులు టైరునకును పట్టీకిని నడుమ బేస్‌బాల్ బ్యాటును దూర్చి, బండిని ముందుకు వెనుకకు మెల్లగా త్రోయుదురు. బ్యాటు టైరుమీద దొర్లుచు పట్టీని నొక్కును. పట్టీ మడుగుట నిజమే. కాని ఒత్తిడి యెంత పడుచున్నదో త్రోయువారికి తెలియదు. బ్యాటు ఒకచోట లావు, ఒకచోట సన్నము. మడ్గార్డు బయటికి ఉబ్బును. రంగు పెచ్చులుగా లేచును. ఖర్చు లేని పద్ధతి యని దీనిని పొగడువారున్నారు. ఆ తరువాత పెయింటరుకు ఇచ్చు సొమ్మును వారు లెక్కలో వేయరు.

రంగు ఏల పగులునో తెలిసికొన్నచో, ఎట్లు పగులకుండ చేయవలెనో దానియంతట అదియే తెలియును. రేకును వంచునప్పుడు వంపు లోపలివైపు ముడుచుకొనును, వెలుపలివైపు సాగును. మనకు కనబడు రంగు ఉన్నది సాగువైపుననే. 0.7 మి.మీ. రేకును లోపల 2 మి.మీ. వ్యాసార్ధముండునట్లు గుండ్రముగా వంచినచో వెలుపలి ముఖము నూటికి సుమారు 15 వంతులు సాగును. అదే రేకును అర మి.మీ. వ్యాసార్ధమునకు బిగియించినచో నూటికి 41 వంతులు సాగవలెను. రేకు మెత్తని ఉక్కు కనుక ఎట్లో ఓర్చుకొనవచ్చును, రంగు ఓర్వలేదు. కావున పట్టీని పూర్తిగా అణచి రేకుకు రేకు అతుకునట్లు చేయవలెనను పట్టుదల కూడదు. మడత నడుమ ఒక అగ్గిపుల్ల దూరునంత సందు మిగులుటయే మేలు.

ఇంకొక సాగుడు కలదు. దానిని చాలమంది గమనింపరు. చక్రపు గూడు వలయాకారము. దాని వ్యాసార్ధము 330 మి.మీ. అనియు, పట్టీ వెడల్పు 12 మి.మీ. అనియు అనుకొందము. పట్టీని పైకి త్రిప్పినప్పుడు దాని చివర 330 మి.మీ. వలయమునుండి 342 మి.మీ. వలయమునకు పోవుచున్నది. అనగా ఆ చివర పొడవున నూటికి మూడున్నర వంతులకు పైగా పెరుగవలెను. పెరుగుటకు ఇష్టములేని రేకు, మడ్గార్డును తనవైపు లాగుకొనును. సుత్తితో ఒకచోట కొట్టి, ప్రక్కచోట కొట్టుచు పోయినవారి మడ్గార్డులు అలలు అలలుగా నుండుటకు కారణమిదియే. కొందరు పట్టీని అచ్చటచ్చట రంపముతో చీల్చి ఈ బిగువును తీర్తురు. చీల్చినచోటనెల్ల వట్టి ఇనుము బయటపడి తుప్పు పుట్టును; చీలిక కొననుండి పగులు పైకి ప్రాకును. ఆ ఉపాయమును నేను మెచ్చను. అంచంతటిని ఒక్కసారిగా, కొంచెము కొంచెముగా సాగనిచ్చుటయే సరియైన మార్గము. రోలరు చేయునది ఆ పనియే.

రంగును గురించి రెండు మాటలు. 1920ల ముందు బండ్లకు నూనెరంగులను, వార్నిషులను పూతమీద పూతగా వేసి వారములతరబడి ఆరబెట్టెడివారు. 1923లో డ్యూపాంటువారి డ్యూకో అను లాకరు జనరల్ మోటార్సువారి ఓక్లాండు బండ్లమీదికి వచ్చిన పిదప ఆ కాలము ఎంతో తగ్గిపోయినది. నేటి బండికి అడుగున విద్యుత్తు సాయమున పట్టించిన తుప్పునిరోధక పూత, దానిపై ప్రైమరు, దానిపై రంగు, అన్నిటిపైన క్లియర్‌కోటు అను పారదర్శకపు పొర యుండును. అన్నియు కలిసి దళసరి కాగితమంత మందమే. పైపూతలను కర్మాగారములో సుమారు 140 డిగ్రీల సెంటీగ్రేడు వేడిమిలో కాల్చెదరు. ఇట్టి పూత చలిలో గాజువలె పెళుసు. వేడిలో కొంత మెత్తబడి సాగును. హైదరాబాదు లాడ్‌బజారులో గాజులు చేయువారు లక్కను నిప్పుసెగ చూపి మెత్తబరచి, ఆ వేడిమీదనే వలయముగా వంచుదురు. చల్లారిన లక్కను వంచబోయినచో రెండు ముక్కలగును. మన రంగు లక్కవలె కరగదు గాని, దానియెడల ప్రవర్తింపవలసిన తీరు అదే.

ఎంత వేడి కావలెను? రేకుమీద 55 మొదలు 65 డిగ్రీల సెంటీగ్రేడు చాలును. అనగా అరచేయి ఆనించి ఒకటి రెండు క్షణములకు మించి నిలుపలేనంత. చేతి లెక్కను నమ్ముకొనక, దూరమునుండి వేడిని చూపు ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఒకటి దగ్గర నుంచుకొనవలెను. హీట్‌గన్ను మూతినుండి వచ్చు గాలి కొన్ని వందల డిగ్రీలుండును. దానిని ఒకచోట నిలిపినచో రంగు బొబ్బలెక్కును. నాలుగైదు అంగుళముల దూరమున పట్టి, ఇస్త్రీ చేయువాని చేతివలె ఆగకుండ త్రిప్పుచుండవలెను. హెయిర్ డ్రయ్యరుతోను పని జరుగును గాని ఆలస్యమగును. మన నడివేసవి మధ్యాహ్నమున ఎండలో నిలిపిన నల్లని బండి రేకు తనంతటనే చేయి తాకనీయదు. ఈ పనికి మేనెల మంచి ముహూర్తమే, పనివానికి మాత్రము కష్టము.

ఈ వైద్యము అన్ని బండ్లకును పనికిరాదు. మొదట ఒక అయస్కాంతమును గుడ్డలో చుట్టి అంచు పొడవునను ఆనించి చూడుడు. గట్టిగా పట్టినచో ఉక్కు. ఎచ్చటను పట్టనిచో అల్యూమినియము గాని ప్లాస్టిక్ గాని కావచ్చును. 2015లో వచ్చిన నాలుగవ తరపు మాజ్డా ఎమ్.ఎక్స్.-5 బండికి ముందు మడ్గార్డులు అల్యూమినియమువే. అల్యూమినియము వంచిన కొలదిని గట్టిపడి చీలుటకు చూచును. అనుభవము లేనివారు దానిజోలికి పోరాదు. ప్లాస్టిక్‌ను మడచుట యనునది లేనేలేదు. ఇక అయస్కాంతము ఒకచోట పట్టి ఒకచోట జారినచో, జారినచోట రంగుక్రింద లప్పము ఉన్నదన్నమాట. పలుమార్లు సొట్టలు తీయించి రంగు వేయించిన పాత అంబాసిడర్ల వంటి బండ్లలో ఇది సామాన్యము. లప్పము ఎంత వేడిచేసినను సాగదు, పెళ్లగా ఊడును. అట్టిచోట మడువవలసివచ్చినచో మరల రంగు వేయించుటకు ముందే సిద్ధపడవలెను.

ముందు మడ్గార్డునకును వెనుకదానికిని గల భేదమును మరువరాదు. ముందుది సాధారణముగా బోల్టులతో బిగించిన విడిరేకు. చెడినచో విప్పి వేరొకటి వేయవచ్చును. వెనుకది బండి శరీరములో భాగము. అచ్చట పైరేకును, చక్రపు గూటి లోపలిరేకును అంచువద్ద కలిపి వెల్డింగు చేసి, సందులో సీలరు నింపియుందురు. పట్టీ రెండు రేకుల మందముండుటచేత వంపునకు వెలుపలివైపు మరింత సాగవలసివచ్చును. పైగా సీలరు చిట్లినచో రెండు రేకుల నడుమకు నీరు పోయి లోలోపల తుప్పు పట్టును. అది బయట పొక్కుగా కనబడునప్పటికి లోపల జల్లెడయై యుండును. దానిని మార్చుట యనగా బండిని కోసి అతుకుట. అందుచేత కొత్తవారు ముందు మడ్గార్డుతోనే మొదలుపెట్టవలెను. వెనుకదానిని సగమే, అనగా 45 డిగ్రీలకు మాత్రమే, త్రిప్పి టైరు తగులుట ఆగినదేమో చూచుకొనవలెను. పెక్కు సందర్భములలో అంతతోనే సరిపోవును.

ఇప్పుడు పని. బండిని గట్టినేలమీద నిలిపి, తక్కిన చక్రములకు ముందును వెనుకను అడ్డులు పెట్టుడు. నట్లను వదులుచేసి జాకీతో ఎత్తి, క్రింద ఉక్కు స్టాండు పెట్టి బరువును దానిమీదికి దించుడు. జాకీ ఎత్తుటకే గాని మోయుటకు కాదు. ఇటుకలు పేర్చి వాటిపై నిలుపువారున్నారు. చక్రపు గూటిలో తలపెట్టి పనిచేయువాడు ఇటుకను నమ్మరాదు.

చక్రము తీసిన పిదప గూటిని సబ్బునీటితో కడిగి ఆరనీయుడు. ప్లాస్టిక్ తొడుగు మరలను విప్పి వెనుకకు లాగి కట్టుడు. పట్టీ లోపల గడ్డకట్టిన మట్టిని, పాత తారుపూతను చెక్కపుల్లతో గీకవలెను. అవి యున్నచో రోలరు ఎగిరెగిరి పడును. అయితే వెనుక అతుకులోని సీలరును కదపరాదు. పెట్రోలు పోయు గొట్టము సాధారణముగా ఒక ప్రక్క వెనుక చక్రపు గూటిలోనుండి పోవును. ఆ ప్రక్క హీట్‌గన్ను పెట్టుటకు ముందు ఆ గొట్టమును గుర్తించి, తడిగుడ్డ కప్పి, పెట్రోలు వాసన యేమాత్రమైనను వచ్చినచో ఆ పూటకు పని మానుకొనవలెను. బ్రేకు గొట్టములను, తీగెలను కూడ వేడి తగులకుండ కప్పవలెను.

మడచు పనిముట్టు ఒక ఉక్కు పలక. దానిని చక్రపు నట్లతోనే హబ్బుకు బిగింతురు. దానినుండి పొడవు మార్చుకొనదగిన చేయి ఒకటి బయలుదేరును. చేయి కొనను గట్టి నైలాను రోలరు కోణము మార్చుకొనునట్లు అమర్చబడియుండును. చేతిని గడియారపు లోలకమువలె అటునిటు ఊపినచో రోలరు పట్టీవెంబడి దొర్లును. ఒక చిన్న చిక్కున్నది. చక్రము గాలిలో నున్నప్పుడు స్ప్రింగు సాగి హబ్బు క్రిందికి వ్రేలాడును. అప్పుడు రోలరు గీయు వలయమును, గూటి వలయమును ఏకము కావు. కావున హబ్బును మోయు క్రింది కమ్మికి రెండవ జాకీ పెట్టి, బండి స్టాండుమీదనుండి లేవనంతవరకు, హబ్బును దాని సహజమైన ఎత్తునకు ఎత్తవలెను.

రోలరును పట్టీకి ఊరక తగులునట్లు అమర్చి, మొదట 45 డిగ్రీల కోణముంచుడు. అంచును ఈ కొననుండి ఆ కొనవరకు వేడిచేసి, థర్మామీటరు 60 చూపగానే చేతిని నాలుగైదుమార్లు మెల్లగా ఊపుడు. తరువాత చేయి పొడవు పెంచు మరను అరచుట్టు మాత్రమే త్రిప్పి, మరల వేడిచేసి, మరల ఊపవలెను. వేడి 50కి దిగినచో రోలరును ఆపి హీట్‌గన్ను పట్టుడు. ఈ క్రమమున విసుగు పుట్టును. పుట్టినప్పుడు మరను ఒక్కసారి రెండుచుట్లు త్రిప్పవలెనను కోరిక కలుగును. రంగు పగులునది అప్పుడే. ఒక్కొక్క మడ్గార్డునకు గంట పట్టినను తొందరపడరాదు.

మూడు నాలుగు అరచుట్లకొకసారి లేచి, మడ్గార్డు ప్రక్కన నేలమీద కూర్చుండి, ట్యూబులైటు నీడను రేకుమీద చూడుడు. నీడ తిన్నగా నున్నచో రేకు తిన్నగానున్నది. నీడ వంకరపోయినచోట ఒత్తిడి ఎక్కువైనది. అచ్చట వదలి మిగిలినచోట్ల దొర్లింపవలెను. గూటి రెండు కొనలందును, బంపరు కలియుచోట, రెండు మూడు అంగుళములు మడువక విడిచిపెట్టుడు. టైరు తగులునది సామాన్యముగా పైభాగముననే. కొనలలోని మరచెవులను అణచబోయినచో బంపరు పట్టు తప్పును. సగము త్రిప్పిన తరువాత చక్రము బిగించి, మరల సుద్ద రాచి, మరల బరువెక్కించి చూడవలెను. తగులుట ఆగినచో పని అయినట్లే. తగులుచునే యున్నచో రోలరు కోణమును నిలువునకు మార్చి మిగిలిన సగమును అదే ఓపికతో త్రిప్పుడు.

పని ముగిసి రేకు చల్లారిన పిదప అంచునంతటిని భూతద్దముతో పరీక్షింపవలెను. వెండ్రుకవంటి గీత కనబడినచో మైనపు పాలిషుతో కప్పిపుచ్చరాదు. పైన మెరయును, క్రింద నీరు త్రాగును. ఆ గీత వెడల్పున మాత్రమే గరుకు కాగితముతో రుద్ది, తుడిచి, ఎపాక్సీ ప్రైమరు పూసి, ఆరిన తరువాత బండిరంగు గల టచప్ సీసాతో కుంచె తాకించవలెను. లోపలివైపున గీతలున్నను లేకున్నను మడత పొడవున ప్రైమరు పూసి, వెనుక గూటిలోనైనచో అతుకునకు కొత్త సీలరు పట్టించి, మడత సందులోనికి తుప్పునిరోధక మైనపునూనె ఎక్కించుడు. మనము మిగిల్చిన ఆ అగ్గిపుల్లంత సందు బురద నిలుచుటకు అనువైన చోటు. తొలకరి వానలు ముగిసిన తరువాత ఒకసారి, మరల దీపావళినాటికి ఒకసారి, చక్రమును తీసి ఆ సందును నీటితో కడిగి, నూనె ఆరిపోయినచో మరల పట్టించుడు.